అటక మీద ద్వాదశి

ఆ రోజుల్లో ఆషాఢం సగం గడిచేసరికి గోదావరి మధ్య మా లంకలో ఇంటింటా అటకలు దులిపేవారు. వరద వస్తుందా అని ఎవరూ అడిగేవారు కాదు, ఎప్పుడు వస్తుందనే. ఆ ఏడు మా ఇంటి సన్నాహమంతా నేనే నెత్తిన వేసుకున్నాను. పద్దెనిమిదేళ్ళవాణ్ణి, రాజమహేంద్రవరంలో నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదివివచ్చినవాణ్ణి; నాకు తెలియనిది లేదు. తాళ్ళు, అగ్గిపెట్టె, పేలపిండి, బెల్లం, తాగడానికి ఒక బిందెడు నీళ్ళు, అన్నీ కాగితం మీద రాసుకుని అటకెక్కించాను. మా మేనత్త (చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లో ఉండిపోయిన మనిషి) తన పిండి వేరే కుండలో మడిగా పెట్టించుకుంది. "వరదకి మడేవిటి అత్తయ్యా?" అని నవ్వాను.

ఏకాదశి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే వరద వచ్చింది. నాన్న కోర్టు పని మీద అవతలి ఒడ్డున ఉన్నారు. నీళ్ళు నడవలోకి రాగానే అమ్మా నేనూ అటకెక్కాం. వెనక అత్తయ్య తడిబట్టతో, ఎవరికీ తగలకుండా నిచ్చెన ఎక్కుతూ పై మెట్టు దగ్గర జారింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. ప్రాణం దక్కింది, మడి పోయింది.

"స్నానం చేస్తేగాని కుండ ముట్టను" అంది. ముందురోజంతా ఉపవాసం, మాట తూలుతోంది, మనిషీ తూలుతోంది. అమ్మ బిందెకేసి చూసింది. అది కాస్తా పోసేస్తే ముగ్గురికీ తాగడానికి చుక్క ఉండదు. కింద చూస్తే నడుం లోతు నీళ్ళు.

"దిగి మూడు మునకలు వెయ్యి అత్తయ్యా. గోదావరే కదా!"

"పెంటకుప్ప మీంచి వచ్చిందిరా అది."

"పారే నీటికి అంటు లేదు. శాస్త్రం చెప్పింది."

"ఏ శాస్త్రం?"

నాకు తెలిసిన శాస్త్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఈలోగా అమ్మ, "వదినగారూ, ద్వాదశి గడియలు దాటిపోతున్నాయండీ" అంది. ద్వాదశి ఉండగానే పారణ చేసి ఉపవాసం విడవకపోతే ఏకాదశి ఫలం దక్కదు; ఆ మాట పనిచేసింది. అత్తయ్య నడుముకి తాడు కట్టుకుని దిగుతూ, "నిన్నటిదాకా వెక్కిరించావుగా, ఇప్పుడు నువ్వే చెప్పు సంకల్పం" అంది. తాడు రెండో కొస పట్టుకుని చెప్పాను. తిథి ఒక్కటే సరిగ్గా వచ్చింది. ఆవిడ ముక్కు మూసుకుని మునిగింది. మూడోసారి లేచేసరికి నెత్తి మీద నానిన పిడక! అత్తయ్య దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఆవుదేలే" అంది. పైకి వచ్చి, తృప్తిగా పారణ చేసింది.

ఈ మాఘంలో ఆవిడ పోయింది. పదోరోజున గోదావరిలో మునిగి లేస్తుంటే ఆ "ఆవుదేలే" చెవిలో పడింది. భుజాలు అదురుతుంటే మొహం చేతుల్లో దాచుకున్నాను. "ఊరుకోండి బాబూ, పెద్దావిడ, సుఖంగా దాటిపోయారు" అన్నారు పురోహితులు. యాభై దాటినవాణ్ణి, వచ్చింది నవ్వని ఉన్నమాట చెప్పవలసింది. తల ఊపి, మళ్ళీ మునిగాను.