పెద్దత్త ఆగట్లేదు

బస్సుల షెడ్డులో ఆయన్ని అందరూ చెవిమేస్త్రి అంటారు. చెవులు పెద్దవని కాదు. ఆ మాటకొస్తే, ఆయన మీసం ముందు ఆ చెవులు ఏమూలకీ రావు. పాతకాలపు బస్సుల్లో బ్రేకుల దగ్గర్నుంచి తలుపు దాకా సగం పనులు గాలితోనే జరుగుతాయి. ఇంజను గాలిని కుక్కి ట్యాంకుల్లో నింపితే, సన్నటి గొట్టాలు దాన్ని బండి ఒళ్ళంతా మోసుకుపోతాయి. ఆ దారిలో ఎక్కడో గాలి జారిపోతుంటే మిగతా మెకానిక్కులు సబ్బు నురగ పూసి, బుడగ ఎక్కడ లేస్తుందా అని కాచుకుని కూచుంటారు. ఈయన మాత్రం బండి పక్కన కళ్ళు మూసుకుని నిలబడి, తల కాస్త వంచి, "ఎడమ వెనక చక్రం పైన, గొట్టం మలుపు దగ్గర," అనేవాడు. సరిగ్గా అక్కడే ఉండేది. తర్వాత సబ్బు గిన్నె పట్టుకున్నవాడి వంక జాలిగా చూసి, "సబ్బు చెవులు లేనివాళ్ళకి నాయనా," అనేవాడు. ఆ మాట ఎంతమందిని అన్నాడో ఆయనకి గుర్తు లేదు. పడ్డవాళ్ళకి మాత్రం బాగా గుర్తుంది.

అలాంటి చెవులు కొంతకాలంగా ఆయన్ని వదిలేసి తమ దారి తాము చూసుకుంటున్నాయి. మొదట కుక్కర్ ఈల పోయింది. ఆ తర్వాత వంటింట్లోంచి భార్య అనే మాటలు పోయాయి. దాన్ని ఆయన నష్టాల్లో వేసుకోలేదు. కానీ ఫోన్లో మాటలు కూడా పీచుమిఠాయిలా నోట్లో పెట్టుకోకుండానే కరిగిపోవడం మొదలయ్యాక భయం పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

భయమల్లా ఒక కుర్చీ గురించి. షెడ్డు గేటు పక్కన, మోకాళ్ళు అరిగిపోయిన ఒక మాజీ డ్రైవరు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. యజమానురాలు మంచి మనిషి, పాతవాళ్ళని పొమ్మనదు. కూర్చోబెడుతుంది. వేళకి టీ పంపిస్తుంది. ఆయన పొద్దస్తమానం, ఎవరూ అడక్కపోయినా, వచ్చే ప్రతి బండికీ "రా, రా, రా… రానీ," అంటూ చెయ్యి ఊపుతుంటాడు. ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీకి చోటుంది. ఆ ఖాళీ చోటు కంటబడినప్పుడల్లా మేస్త్రి చూపు తిప్పేసుకునేవాడు. చెవి లేని చెవిమేస్త్రిని ఇంకెక్కడ పెడతారు?

ఆ రోజు పొద్దున ఫోను మోగింది. చేసింది బావమరిది. భార్యకి తమ్ముడు, నూలు మిల్లు పనివాళ్ళని తిప్పే బస్సుకి డ్రైవరు. ఆ బస్సు షెడ్డులోకెల్లా ముసలిది. ఒకసారి మొదలెడితే ఊరుకోదని దానికి పెద్దత్త అని పేరు.

"బావా! పెద్దత్త ఆగట్లేదు!"

మేస్త్రి చెవికి ఆ మాట "సాగట్లేదు" అని చేరింది.

"సాగకపోతే దిగి తోయండి."

"తోయడమేంటి బావా? ఆగట్లేదంటుంటే!"

"అదే చెప్తున్నా. ఊరికే అరవకు. మిల్లు వాళ్ళందర్నీ దింపి తోయించు," అని పెట్టేశాడు.

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, బావమరిది బస్సుని మిల్లు గేటు ముందు నిలబెట్టే మాట్లాడాడు. ఇంజను మాత్రం ఎంతకీ ఆగక గుడగుడలాడుతోంది. బావ అన్నాడంటే అందులో ఏదో కిటుకు ఉండే ఉంటుందని నమ్మి, దిగినవాళ్ళని బతిమాలి, నడుస్తున్న ఇంజనుతో ఉన్న బండిని గోడ పొడుగునా తోయించాడు. వాచ్‌మన్ బయటికొచ్చి, "ఇంజను బాగానే నడుస్తోందిగా, ఎందుకు తోస్తున్నారు?" అని అడిగాడట. "చెవిమేస్త్రి చెప్పాడు," అన్నారట అందరూ చెమటలు తుడుచుకుంటూ. వాచ్‌మన్ కూడా ఓ చెయ్యి వేశాడట.

తోసినా ఆగకపోయేసరికి బావమరిది యజమానురాలికి ఫోన్ చేసి అదే ముక్క అన్నాడు. "అమ్మగారూ, బండి ఆగట్లేదు. షెడ్డుకి తెచ్చేస్తున్నా."

ఆవిడ చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అదే కొంప ముంచింది. బ్రేకులు పోయాయనుకుని చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి, "అందరూ గోడ వైపు జరగండి! గేటు తీసి పెట్టండి! ఇసక బస్తాలు అడ్డమెయ్యండి!" అని కేకలు పెట్టింది. కుర్చీలో ఆయనకి ఇన్నాళ్ళకి నిజమైన పని తగిలింది. లేచి నిలబడి, అలవాటు కొద్దీ "రా, రా, రా…" అనబోయి, నాలిక కరుచుకుని "వద్దు, వద్దు, వద్దు…" అంటూ రెండు చేతులూ ఊపాడు.

పెద్దత్త మలుపు తిరిగి, పద్ధతిగా నెమ్మదించి, ఇసక బస్తాల ముందు బుద్ధిగా ఆగింది.

"ఆగిందిగా!" అంది యజమానురాలు.

"బండి ఆగిందమ్మా. ఇంజను ఆగట్లేదు."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!"

"బావకి చెప్పానమ్మా. తోయమన్నాడు."

అందరూ మేస్త్రి వైపు తిరిగారు. ఎవరేమన్నారో వినపడలేదు గానీ, ముఖాలు చూస్తే మాట తన మీదికే వచ్చిందని అర్థమైంది. మీసం సవరించుకుని, "పరీక్షకి అన్నాలే," అన్నాడు.

అసలు సంగతి చిన్నదే. పెద్దత్తకి తాళం తిప్పితే ఇంజను ఆగదు. డ్రైవరు మోకాలి దగ్గర ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే గాలి సన్నటి గొట్టంలో పడి, బండి కిందుగా వెనక ఉన్న ఇంజను దాకా వెళ్ళి, అక్కడ ఒక చిన్న సిలిండరు చేత డీజిలు మీటని తోయిస్తుంది. డీజిలు అందకపోతే ఇంజను నోరు మూసుకుంటుంది. గాలి దారిలోనే జారిపోతే అది తాగుతూనే ఉంటుంది. బండి ఆగినా దాని ఒళ్ళు ఇంకా వణుకుతుండడం చూసి, మేస్త్రి వెనక్కి వెళ్ళి ఆ మీటని చేత్తో లాగి ఇంజను ఆపాడు. ట్యాంకుల్లో గాలి ఇంకా ఉంది. ఇప్పుడు బటన్ నొక్కి పట్టుకుంటే ఎక్కడ జారుతోందో ఆ చప్పుడు చెప్పేస్తుంది, వినగలిగినవాడికి.

"నొక్కు," అన్నాడు బావమరిదితో. తను కళ్ళు మూసుకుని తల వంచాడు. రంగులు వేసేవాడు బ్రష్షు గాల్లోనే ఆపేశాడు.

మేస్త్రికి చెవుల్లో దూది కుక్కినట్టు ఏమీ వినపడలేదు.

కాసేపు ఆగి, ఒక కన్ను కొంచెం తెరిచాడు. తనకి వినపడకపోయినా వీళ్ళకి వినపడుతుంది కదా, చూపులు ఎటు పోతున్నాయో పట్టేస్తే చాలు. యజమానురాలు పైకప్పు వైపు చూస్తోంది. రంగులవాడు రంగు డబ్బా వైపు చూస్తున్నాడు. బావమరిది ఒక్కడే సీట్లోంచి వంగి తన కాళ్ళ దగ్గర దీక్షగా చూస్తున్నాడు.

"ముందువైపే ఉంది. బటన్ కింద," అన్నాడు మేస్త్రి.

బటన్ విప్పి, దాని కింద ఉన్న గాలి కవాటం మార్చి కొత్తది బిగించేసరికి మధ్యాహ్నమైంది. ఇంజను వేసి బటన్ నొక్కితే, పెద్దత్త ఏమీ జరగనట్టు గుడగుడలాడుతూనే ఉంది.

"మరి నువ్వు కిందికెందుకు చూశావురా?" అన్నాడు మేస్త్రి బావమరిది పక్కన కూలబడి.

"చీమ కుట్టింది బావా."

యజమానురాలు దగ్గరికొచ్చి, మెత్తగానే, ఈసారి ఆయనకి వినపడేంత దగ్గరగా అంది. "ఇన్నేళ్ళు పనిచేసిన చెవి, మేస్త్రి గారూ. దానికీ కాస్త విశ్రాంతి ఇవ్వాలేమో." అంటూ గేటు వైపు చూసింది. మేస్త్రీ చూశాడు. కుర్చీలో ఆయన ఉదారంగా కాస్త పక్కకి జరిగాడు.

అప్పుడే మేస్త్రి భార్య క్యారియర్ పట్టుకొచ్చింది. ఇద్దరూ పాత టైరు మీద కూర్చున్నారు. పై గిన్నెలో కూర, మధ్య గిన్నెలో అన్నం. అడుగు గిన్నె తీస్తే అందులో బట్టల సబ్బు.

"ఇదేంటి?"

ఆవిడ లేచి, ఆయనకి ఇంకా కాస్త వినపడే కుడి పక్కకి మారి కూర్చుంది. "మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆగట్లేదంటే తోయమన్నారట."

మేస్త్రి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"వంటింట్లోంచి తిట్టినా మీకు కోపం రాకపోతే తెలీదా? మొదట్లో మంచివాళ్ళయ్యారనుకుని మురిసిపోయా. అనుమానమొచ్చి, అప్పట్నుంచి అప్పుడప్పుడూ తిట్టి చూసుకుంటున్నా."

"ఏమని?"

"ఇప్పుడెందుకులెండి, అయిపోయినవన్నీ. లేచి సబ్బు కలపండి."

"నలుగురి ముందూ నేను సబ్బు పట్టుకోనా?"

"అయితే ఆ కుర్చీలో కూర్చుని రా రా అనండి. నేను రోజూ అక్కడికే తెచ్చి పెడతా," అని ఆవిడ కూర గిన్నె మూత పెట్టేసింది.

అన్నం సగంలో వదిలేసి లేచాడు. డబ్బాలో నీళ్ళు పోసి సబ్బు గిలకొట్టి, రంగులవాణ్ని బ్రష్షు అడిగాడు. వాడు బ్రష్షు ఇవ్వడం మానేసి నోరు తెరిచి చూశాడు. బావమరిది ఇంతకాలం కడుపులో దాచుకున్న మాట ఇక ఆపుకోలేకపోయాడు. మేస్త్రి చెవి దగ్గరికి వచ్చి అరిచాడు.

"బావా, సబ్బు ఎవరికన్నావు?"

"చెవులు లేనివాళ్ళకి," అన్నాడు మేస్త్రి. డబ్బా కింద పెట్టి, అందరికీ వినపడేలా మళ్ళీ అన్నాడు. "నాకే. నాకు వినపడట్లేదు. చాన్నాళ్ళైంది."

ఆ మాటకి ఎవరైనా ఏమైనా అన్నారో, అందరూ నోరు మూసుకున్నారో ఆయనకి తెలీలేదు. ఎవరి ముఖమూ చూడకుండా బండి కింద దూరాడు.

ఇంజను వేసి ట్యాంకులు నింపారు, మీట లాగి ఆపారు, బావమరిది బటన్ నొక్కి పట్టుకున్నాడు. మేస్త్రి ముందు నుంచి మొదలుపెట్టి గొట్టం పొడుగునా నురగ పూసుకుంటూ, వీపు మీద పాకుకుంటూ వెనక్కి వెళ్ళాడు. మీసానికి కూడా నురగ అంటుకుంది. ఇంజను దగ్గర, గొట్టం ఒక ఇనప పట్టీని ఆనుకుని వంపు తిరిగే చోట, నురగలోంచి ఒక బుడగ తల ఎత్తింది. నిమ్మకాయంత అయింది, చిట్లింది, మళ్ళీ లేచింది. ఏళ్ళ తరబడి ఆ పట్టీకి రాసుకుని రాసుకుని గొట్టానికి సూది మొనంత బెజ్జం పడింది.

మేస్త్రి ఆ బుడగ వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఇంతకాలం గాలిని వినడమే గానీ, అది ఇంత ముద్దుగా ఉంటుందని ఆయనకి తెలీదు.

ఆ ముక్క కోసేసి కొత్తది అతికి, ఇంకెప్పుడూ రాసుకోకుండా రబ్బరు చుట్టాడు. బావమరిది ఇంజను వేశాడు. మేస్త్రి బండి ఒంటి మీద అరచెయ్యి ఆనించి, తల ఊపాడు. బటన్ నొక్కారు. అరచేతి కింద వణుకు ఒక్కసారి కుదుపు ఇచ్చి, సద్దుమణిగిపోయింది. పెద్దత్త నోరు మూసింది.

దూరం నుంచి యజమానురాలు ఏదో అంది. పొద్దున అయితే మేస్త్రి మీసం సవరించుకుని తల ఊపేసేవాడు. ఇప్పుడు దగ్గరికి నడిచి, కుడి చెవి అటు తిప్పి, "కాస్త గట్టిగా చెప్పండమ్మా, ఈ పక్క," అన్నాడు.

"గోడకి ఓ మేకు కొట్టి ఆ సబ్బు డబ్బా తగిలించుకోండి!" అని అరిచింది ఆవిడ. "రేపట్నుంచి రోజూ కావాలిగా!"

గేటు దగ్గర కుర్చీలో ఆయన, కొంచెం నిరాశగానే, మళ్ళీ నడిమధ్యకి జరిగి కూర్చున్నాడు.

సాయంత్రానికల్లా చెవిమేస్త్రి కాస్తా సబ్బుమేస్త్రి అయిపోయాడు. బావమరిది ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, "బావా, బండి ఆగింది, ఇంజను కూడా ఆగింది, తోయొద్దు, వేరే పని," అని మొదలుపెట్టేవాడు.

కానీ అది తర్వాత మాట. అప్పుడు మాత్రం మేస్త్రి భార్య, సగం అన్నంతో మిగిలిన క్యారియర్ సర్దుకుని, వెళ్తూ వెళ్తూ ఏదో అంది. ఆవిడ ఎడమ పక్కనుంచి వెళ్ళింది.

"ఏమందిరా?" అన్నాడు మేస్త్రి.

బావమరిది రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుని, షెడ్డంతా వినేలా అరిచాడు. "తిట్టింది బావా! చాలా బాగా తిట్టింది!"

"ఒక్కో మాటా చెప్పరా," అంటూ మేస్త్రి కుడి చెవి అటు తిప్పాడు.