తాడు రెండో కొస

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా ఉప్పల్ ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఎవరైనా ఆ ముచ్చట ఎత్తితే లేచి వాకిట్లోకి పోయేవాణ్ని. ఇప్పుడు నేనే ఎత్తాల్సి రావడం నా ఖర్మ.

సెల్‌ఫోన్లలో కెమెరాలు కొత్తగా వస్తున్న రోజులవి. హిమాలయాలు ఎక్కుతానని ఆఫీసంతా చాటుకున్నాను. శిక్షణ ఆదివారం పొద్దున, నాచారం అవతల బండరాళ్ల గుట్ట మీద. మూడంతస్తుల మేడంత నిటారు బండ. నడుముకు కట్టుకున్న తాడు పైనున్న కొక్కెం గుండా మళ్లీ కిందికి వస్తుంది. ఆ రెండో కొసను తోడు వచ్చినవాడు పట్టుకోవాలి. కాలు జారితే మన ప్రాణం వాడి చేతుల్లోనే.

నా తోడు మా అక్క మొగుడు. టిఫిన్ పెట్టిస్తానంటే వచ్చాడు.

సగం దాకా బాగానే ఎక్కాను. అక్కడ కాలు జారింది. తాడు బిగుసుకుంది, గాల్లో వేలాడాను. పై ప్రాణాలు పైనే పోయాయి. కిందికి చూసే ధైర్యం లేక, బండకు ముఖం ఆనించి "దింపు బావా!" అని అరిచాను. తాడు వదులవుతూ వచ్చింది. మరీ వేగంగా అనిపించి "జర మెల్లగ! కండ్లు నెత్తికెక్కినయా?" అని తిట్టాను. వెంటనే నెమ్మదించింది. మోకాలు గీసుకుపోతే ఇంకో నాలుగు తిట్టాను. ఆగింది. కాలు సర్దుకున్నాకే కదిలింది. చంకలోని పిల్లను దింపినట్టు నేల మీద పెట్టింది.

వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. బావ ఇరవై అడుగుల దూరాన, రాళ్ల కుప్ప మీద నిలబడి, రెండు చేతులతో సెల్‌ఫోన్ పట్టుకుని ఉన్నాడు.

"తాడు ఇడిసిపెట్టినవా?" అన్నాను.

"బండను గట్టిగ పట్టుకున్నవ్ గదా బామ్మర్ది, ఇగ తాడెందుకని ఇడిసిన. ఫొటోలు మస్తు వచ్చినయ్, సూడు!"

"మరి నన్నెవరు దింపిన్రు?"

"నువ్వే దిగినవనుకున్న. బతికినవ్ గదా, ఇంకేంది లొల్లి? టిఫిన్‌కు పోదాం నడువ్."

మాకు ఎక్కడం నేర్పే కోచ్, నాతోపాటు శిక్షణకు వచ్చిన మిగిలిన నలుగురు అప్పుడు గుట్ట అవతలి వైపు ఉన్నారు. తాడు ఏ పగుల్లోనో ఇరుక్కుని ఉంటుందన్నాడు కోచ్. ఇరుక్కున్న తాడు తిడితే ఆగుతుందా, నా బొంద! ఆయనే ఎక్కి చూశాడు. పగులేమీ కనపడలేదు.

ఫొటోలు మూడు. రెండు మసక. మూడో దాంట్లో నేను నేలకు మనిషెత్తున ఉన్నాను. తాడు రెండో కొస నడుమెత్తున బిగిసి ఉంది. దాని పక్కన ఖాళీ. మా బావ అదే ఫొటోను "ఎంత మంచిగ తీసిన" అంటూ చుట్టాలందరికీ చూపించాడు.

ఇన్నేళ్లయినా నాకు అంతు చిక్కలేదు. దయ్యమో, దేవుడో, చెప్పలేను. ఎవరో నా బరువంతా చేతుల మీద మోసి, నేను తిట్టిన తిట్లన్నీ పడి, నన్ను భద్రంగా కింద పెట్టారు. ఆ పూట నా నోట ఒక్క మంచి మాట రాలేదు.