ఐదు తీగల మైనర్ నైన్త్

పాత గిటార్ తీగలు విప్పితే ఆ తుప్పు వాసన సబ్బుతో రుద్దినా వేళ్లను వదలదు. మొన్న అలా విప్పుతుంటే మదనపల్లె మిషన్ కాంపౌండ్‌లో మా రెండు గదుల ఇల్లు, క్రిస్మస్ ముందు అమ్మ కజ్జికాయలు వేయించే నూనె ఘాటు, ఆదివారం పొద్దున్నే మిరియాల కషాయం తాగి గొంతు సవరించుకునే నాయన, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

నాయన ఆస్పత్రిలో కాంపౌండరు, చర్చిలో పాటల పెద్ద. మా చర్చిలో అందరూ నిలబడి పాడేవాళ్లు, గిటార్ మీద ఆఖరి కార్డ్ పడగానే ఎవరూ చెప్పకుండానే కూర్చునేవాళ్లు. పన్నెండేళ్లు నిండకుండానే నాకా గిటార్ అప్పగించాడు నాయన.

ఎండాకాలం సెలవులకు కుప్పంలో అమ్మ చెల్లెలు సుగుణ చిన్నమ్మ ఇంటికి పోయేదాన్ని. ఆమె రైలెక్కి బెంగుళూరు పోయి గిటార్ నేర్చుకుని వచ్చేది. గ్రానైట్ లారీల దుమ్ము కిటికీల మీద పేరుకునే మధ్యాహ్నాల్లో, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు నములుతూ, ఒక్కో స్వరం పేర్చి కార్డ్ కట్టడం నేర్పింది. "స, చిన్న గ, ప, చిన్న ని. ఈడికి అందరూ వస్తారు. పై సా దాటి ఇంగో మెట్టెక్కు పాపా, రి ఉండాది సూడు." ఇ మైనర్‌లో నాలుగో తీగ మీది వేలు తీయించి, మొదటి తీగ రెండో ఫ్రెట్ గడి మీద చిటికెన వేలు పెట్టించింది. మైనర్ నైన్త్ అంట దాని పేరు. మీటాను. ఒళ్లు ఝల్లుమంది. దుఃఖమో సంతోషమో తెలియని ఆ మోత నా చేతిలోంచే వచ్చిందంటే నమ్మలేకపోయాను.

ఊరికొచ్చిన ఆదివారమే ఆఖరి కార్డుగా దాన్ని వాయించాను. ఒక్కరూ కూర్చోలేదు. ఇంకో చరణం ఉందేమోనని పుస్తకాలు తెరుచుకుని అలాగే నిలబడిపోయారు. బైబిలు చదవబోయిన పాస్టరు అయ్యగారు తెరిచిన నోరు మూయలేదు. ఇంటికొచ్చాక నాయన కటింగ్ ప్లేయర్ తెచ్చి, నా కళ్ల ముందే మొదటి తీగ టక్కున తెంపేశాడు. "పాట ముగిస్తే మనిషి కూర్సోవల్ల. ఐదు తీగలు సాలు నీకు!" నన్ను కొట్టినా అంత అదిరిపడేదాన్ని కాదు.

డిసెంబరులో పుంగనూరు చర్చిలో చిన్నమ్మ పెళ్లి. ముందురోజు ఆమె నా గడ్డం పట్టుకుని, "ఆఖర్న ఆ కార్డే వాయించల్ల, నాకోసం" అంది. తీగ లేదని చెప్పకుండా సరేనన్నాను. నేర్చుకున్నది వేళ్ల గుర్తు మాత్రమే అయితే అక్కడితో సరి. కానీ నాకు స్వరాలు తెలుసు. పెరట్లో కూర్చుని వెతికాను. రి నాలుగో తీగ నాలుగో ఫ్రెట్‌లో దొరికింది, చిన్న ని రెండో తీగ మూడో ఫ్రెట్‌లో. వేళ్లు చీలిపోయేంత ఎడం, అయినా పలికింది.

పెళ్లిలో ఆఖరి ఆమేన్ దగ్గర దాన్నే మీటాను. ఇక్కడి జనం కూడా కూర్చోకుండా నిలబడిపోయారు. గిటార్ లాగేసుకుంటాడేమోనని నాయన వైపు చూశాను. ఆయన నా ఎడమ చేతినే చూస్తున్నాడు, అలా చూస్తూ చూస్తూనే నోరు తెరిచి, తెంపేసిన తీగ పలకాల్సిన ఆ రి మీదే "ఆ...మేన్" అని పట్టుకున్నాడు, చర్చంతా ఆయన వెంట ఎత్తుకుంది. ఆ మోత ఆగేదాకా ఎవరూ కూర్చోలేదు.

తిరుగు బస్సులో నాయన కిటికీలోంచి చూస్తూ, అడగకుండానే, "అది నేను పాడలేదు పాపా" అన్నాడు. మళ్లీ ఎన్నడూ ఆ మాటెత్తలేదు.

ఇప్పుడు మా చర్చిలో కీబోర్డు దరువు తానే వేసుకుంటుంది, పాటలు తెర మీద కనబడతాయి, ఆఖరి కార్డ్ కోసం ఆగేవాళ్లు లేరు. నాయన పోయాక చిన్నమ్మ తన పెళ్లి వీడియో పంపింది. నాయన పట్టిన ఆ రి మళ్లీ వినాలని సౌండు పెంచుకుని చూశాను. జనం నిలబడే ఉన్నారు, నాయన నోరు తెరిచే ఉంది. వినబడింది మాత్రం వీడియో వాడు దాని మీద అతికించిన ఏదో సన్నాయి క్యాసెట్టు.