ఎనిమిది స్క్రూలకు ఎనిమిది బొట్లు

ఆ రోజుల్లో ఏ విద్యకైనా గురువు అక్కర్లేదు, ఫోనులో డేటా ఉంటే చాలని నేను గట్టిగా నమ్మేవాణ్ని. ఆ రోజులంటే మరీ పాతకాలం కాదు, ఏడెనిమిదేళ్ల కిందటి మాట. శ్రీకాకుళంలో అమ్మమ్మ ఇంట్లో ఉంటూ ఎచ్చెర్లలో చదువుకునేవాణ్ని. పది నిమిషాల వీడియో ఒకటి చూస్తే నిపుణుణ్ని అయిపోయేవాణ్ని, రెండు చూస్తే నిపుణులకే తప్పులు పట్టేవాణ్ని. ఇంట్లో మిక్సీ, నీళ్ల మోటారు, మావయ్య స్కూటరు వరసగా నా వైద్యం రుచి చూశాయి. (స్కూటరు ఆ తర్వాత కూడా నడిచింది, కాకపోతే ఎవరైనా తోస్తే.)

మా స్నేహితులం నలుగురం కలిసి ఆర్కెస్ట్రా పెట్టాం. కీబోర్డు వాయించే సీనియర్‌ని అందరం పెద్దన్న అనేవాళ్లం. పాటల ఎంపిక నుంచి చొక్కాల రంగు దాకా అంతా ఆయన మాటే. నాకు బాసు గిటారు దక్కింది. దక్కడమంటే, మిగతావన్నీ అప్పటికే తలా ఒకటి తీసేసుకున్నారు. తెలియనివారికి చెప్పాలి కదా, బాసు గిటారుకి నాలుగే లావుపాటి తీగలు ఉంటాయి. అది మోగితే పాట నిండుగా ఉంటుంది, ఎందుకు నిండుగా ఉందో మాత్రం వినేవాళ్లకి తెలియదు. అయినా నేను ఫోను స్టేటస్‌లో పేరు పక్కన బాసిస్టునని రాసుకున్నాను. దసరాకి గజపతినగరంలో అమ్మవారి మండపం దగ్గర మా మొదటి ప్రోగ్రాం కుదిరితే, ఆ సంగతి క్లాసంతా చాటింపు వేశాను.

సెకండ్‌హ్యాండులో కొన్న ఆ గిటారుకి తీగలు మరీ ఎత్తుగా ఉండేవి. నొక్కి నొక్కి వేళ్లు బొబ్బలెక్కాయి. సాధన చేస్తే వేళ్లే గట్టిపడతాయని పెద్దన్న అన్నాడు గానీ, సాధన అనేది వీడియోలు దొరకనివాళ్ల కోసమని నా అభిప్రాయం. దసరాకి వారం ముందు ఒక వీడియో దొరికింది. తీగల చివర ఉండే ఇనుప పలకని బ్రిడ్జి అంటారట. దాని మీద ఒక్కో తీగకి రెండేసి చిన్న స్క్రూలు, వాటి నెత్తిన సన్నటి బొక్క. అందులో అలెన్ కీ అనే వంకర ఇనుప పుల్ల పెట్టి ఒకవైపు తిప్పితే తీగ లేస్తుంది, రెండోవైపు తిప్పితే దిగుతుంది. కొంచెం తిప్పి, మీటి, విని, మళ్లీ కొంచెం తిప్పమని వీడియోలో పెద్దమనిషి నాలుగుసార్లు చెప్పాడు. పాపం నెమ్మదస్తుడులే అనుకుని, ఎనిమిది స్క్రూలనీ ఒక్క ఊపులో అడుగంటా దించేశాను. తీగలు మెడ మీది పట్టీలకి ఆనుకుని పడుకున్నాయి. వేలు పెడితే చాలు, నొక్కుకుపోతున్నాయి. కాకపోతే ఏ తీగ మీటినా బర్రుమని రొద. విదేశాల్లో ఇప్పుడిదే స్టైలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అరుగు మీద కూర్చుని చూస్తున్న అమ్మమ్మకి ఉపన్యాసం కూడా ఇచ్చాను. గిటారు మహిమంతా ఈ ఎనిమిది స్క్రూల్లోనే ఉందనీ, మిగతాదంతా ఉత్త చెక్కేననీ చెప్పాను.

అమ్మమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. మహర్నవమి పొద్దున్న ఆయుధపూజకి కత్తిపీటకీ, కుట్టుమిషనుకీ, స్కూటరుకీ బొట్లు పెట్టి గిటారు దగ్గరికొచ్చింది. నేను చెప్పిన ప్రకారమే ఉత్త చెక్కని వదిలేసి, ఎనిమిది స్క్రూలకీ శ్రద్ధగా తడిపసుపు అద్ది కుంకుమ పెట్టింది. మధ్యాహ్నానికి పసుపు బొక్కల్లో ఎండి రాయైపోయింది. రిహార్సలుకని పెద్దన్న అప్పుడే వచ్చాడు. రెండు తీగలు మీటానో లేదో, చెయ్యెత్తి ఆపాడు.

"ఏటిరా ఆ బర్రు? రేపటికి ఇది పోకపోతే నువ్వు రానక్కర్నేదు. బాసు కూడా నేనే ఎడం సేత్తో కీబోర్డు మీద వాయించీసుకుంటాను."

నేనంటే పెద్దన్న ఎడంచెయ్యి అన్నమాట. క్లాసూ, స్టేటసూ కళ్లముందు తిరిగాయి. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

"మా అమ్మమ్మ పసుపు పెట్టీసింది అన్నా. అది లోపలికి పోయి పట్టీసింది. అందుకే."

పెద్దన్న పసుపు ముద్దల్ని చూశాడు, నమ్మాడు, తల కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. గుమ్మంలో నిలబడి అమ్మమ్మ అంతా విన్నది. నేను అక్కడితో ఆగానా, అబద్ధం బలంగా ఉండాలని ఆవిడ మీద అరిచాను కూడా.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, గాజులకున్న పిన్నీసు తీసి, గిటారుని ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక్కో బొక్కలోంచి పసుపు గీకింది. పండగపూట భోజనం చల్లారిపోయింది. ఎనిమిదీ శుభ్రం చేశాక మోగించి చూడమంది. మీటాను. బర్రుమంది. ఆవిడ తలెత్తి నా వంక చూసింది. ఇంకా కాస్త పొడి ఉండిపోయిందని గొణిగి, గిటారు లాక్కుని గదిలోకి పోయి తలుపేసుకున్నాను. ఈసారి మాత్రం వీడియోలో నెమ్మదస్తుడు చెప్పినట్టే కొంచెం తిప్పాను, మీటాను, విన్నాను. సాయంత్రానికి బర్రు పోయింది, వేళ్ల నొప్పి తిరిగొచ్చింది.

మర్నాడు వ్యానుతో వచ్చిన పెద్దన్నకి అమ్మమ్మే ఎదురెళ్లి, తప్పు తనదేనని, పసుపు తీసేశానని, ఇంక బర్రుమనదని చెప్పింది. నేను చొక్కా బొత్తాలు సర్దుకుంటూ నిలబడ్డాను. గజపతినగరంలో రెండు గంటలు వాయించాను. జనం గాయకుడికి ఈలలు వేశారు, డ్రమ్ములకి చిందులు వేశారు. కమిటీ పెద్ద ఒకాయన మిగతా ముగ్గురికీ శాలువాలు కప్పి, నన్ను మైకుసెట్టు మనిషి అనుకుని వైర్లు చుట్టేయమన్నాడు.

ఏడాది తిరిగి మళ్లీ ఆయుధపూజ వచ్చింది. అమ్మమ్మ ఈసారి గిటారు చెక్క మీద ఒకే ఒక్క బొట్టు పెట్టింది. స్క్రూలకి పెట్టలేదేమని నవ్వుతూ అడిగాను. (బుద్ధి ఏడాదిలో పెరిగేది కాదు.) ఆవిడ కుంకుమ వేలు కొంగుకి తుడుచుకుంది.

"పసుపు పెట్టక ముందు నుంచీ బర్రుమంటన్నాది గదరా. పసుపు తీసినాకా బర్రుమన్నాది. నువ్వు తలుపేసుకుని మరలు తిప్పినాకే ఆగినాది. పసుపేటి సేసినాది మరి?"

మరి పెద్దన్నతో తప్పు తనదని ఎందుకు చెప్పిందని అడిగాను.

"నేకపోతే నిన్ను ఎక్కించుకోడు గదా" అంటూ పసుపు గిన్నె పట్టుకుని స్కూటరు వైపు నడిచింది.

ఇప్పుడు భోగాపురంలో ఉద్యోగం చేసుకుంటూ, ఏటా దసరాకి మాత్రం గిటారు మోసుకెళ్లి ఆవిడ చేత బొట్టు పెట్టిస్తాను. క్షమించమని అడగడం ఇప్పటికీ చేతకాలేదు. బాసు వాయిస్తే ఎవడికి వినపడుతుందిరా అని స్నేహితులు ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటాను. తలుపేసుకుంటే అమ్మమ్మకి వినపడదనుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు.