వంపు దగ్గర వేపకొమ్మ

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయే రోడ్డు పక్కన తంతి స్తంభాలు నాటుతున్న రోజుల్లో మా ఆయనా నేనూ ఆ పనికి కూలికి పోయేవాళ్లం. ఆయన నిచ్చెనెక్కి తీగ కట్టేవాడు. నేను గుంతల మట్టి మోసేదాన్ని. తీగను రోడ్డుకు అడ్డంగా లాగేటప్పుడు మాత్రం నన్ను వంపు దగ్గర నిలబెట్టేవాళ్లు. బస్సు గానీ లారీ గానీ వస్తే ఎర్రగుడ్డ ఊపి ఆపాలి. బిగించేదాకా తీగ కిందికి వేలాడుతుంది. బండి నెత్తికి తగులుకుంటే నిచ్చెన మీది మనిషిని ఈడ్చేస్తుంది.

ఆ రోజు గుడ్డ కట్టే కర్రను ఎవరో పొయ్యిలో పెట్టేశారు. మేస్త్రి పక్కనున్న వేపచెట్టు కొమ్మ విరిచి, దానికి గుడ్డ కట్టి నా చేతికిచ్చాడు.

"అమ్మోరి జాతరకు చందా అడిగేదాని మాదిరి ఉండానే" అన్నాను.

"ఉంటే ఉండు మే. దండం బెట్టుకోనన్నా నిలబడతారు" అని మేస్త్రి నవ్వాడు.

నిచ్చెన మీద మా ఆయన కూడా నవ్వాడు.

అవి నిజంగానే జాతరల రోజులు. ఊరూరా చందాల కోసం వేపకొమ్మ, ఎర్రగుడ్డ పట్టుకుని బండ్లకు అడ్డం పడేవాళ్లు. డ్రైవర్లు విసిగిపోయి ఉన్నారు.

ఉప్పు బస్తాల లారీ ఒకటి ఉదయగిరి వైపు పోతూ వచ్చింది. గుడ్డ ఊపుతూ అరిచాను. ఆగలేదు. పక్కకు దూకాను. డ్రైవరు తల బయటపెట్టి, "వచ్చేటప్పుడు ఇస్తాలే మ్మా!" అని కేకేసి వంపు తిరిగిపోయాడు.

నేను పరుగెత్తి పోయేసరికి నిచ్చెన రోడ్డు మీద పడి ఉంది, ఆయన మైలురాయి పక్కన పడి ఉన్నాడు. బస్తాలకు తగులుకున్న తీగ ఆయన్ని లాగేసి తెగిపోయింది. లారీ కనబడలేదు.

ఆ ఎర్రగుడ్డతోనే ఆయన తలకు కట్టు కట్టి, ఎద్దుల బండిలో ఆత్మకూరు ఆస్పత్రికి బయల్దేరాం. పొద్దు వాలుతుండగా అదే లారీ ఖాళీగా వెనక నుంచి వచ్చి ఆగింది. డ్రైవరు నన్ను గుర్తుపట్టి అణా ఇవ్వబోయాడు.

"తీసుకో మ్మా. అన్నమాట తప్పను. ఏ ఊరి అమ్మోరు?"

"జాతర గాదు నాయనా. తీగ కట్టే పని. నీ లారీనే ఈయన్ని లాగేసింది."

అతను దిగి, బండివాడితో కలిసి ఆయన్ని ఎత్తి లారీలో పడుకోబెట్టాడు. ఆ తర్వాత ప్రతి వంపు దగ్గరా నెమ్మదించాడు. మేకలు అడ్డమొస్తే దాటేదాకా ఆగాడు. "బిన్నా పోనీ అన్నా, తొందరగా పోనీ" అని నేను వెనక నుంచి రేకు మీద గుద్దుతూనే ఉన్నాను.

ఆత్మకూరు కనబడకముందే ఆయన ఊపిరి ఆగిపోయింది.

మూడో రోజు ఆ వంపు దగ్గర వేరే ఆమెను నిలబెట్టారు. ఆమెకు ఆకుల్లేని ఒట్టి కర్రకు గుడ్డ కట్టి ఇచ్చారట.