వడపోతక్క

ఆ ఆసుపత్రిలో జీతాల గుమాస్తా తప్ప ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. మిగతా అందరికీ ఆమె వడపోతక్క. మూత్రపిండాలు పనిచేయనివాళ్లకు యంత్రంతో రక్తం శుభ్రం చేసే గదిలో టెక్నీషియను. మనిషి పొట్టి, గొంతు గట్టిది. సూది గుచ్చేటప్పుడు నొప్పి ఉండదని అబద్ధం చెప్పదు. చురుక్కుమంటుంది, కాసేపట్లో పోతుంది అంటుంది. అన్నట్టే జరుగుతుంది.

ఆమె తల్లి బస్సులు ఆగేచోట టీ కొట్టు నడిపేది. బడినుంచి రాగానే పుస్తకాల సంచీ ఓ మూల పడేసి టీ వడకట్టడం కూతురి పని. గుడ్డలోంచి కిందికి దిగింది గ్లాసుల్లోకి, మిగిలిన పిప్పి బుట్టలోకి. గుడ్డను పిండితే మాత్రం తల్లి ఊరుకునేది కాదు, చేదు దిగుతుందని. ఆ పొగలోనే చదువుకుని, పరీక్షలు గట్టెక్కి, ఆసుపత్రిలో ఉద్యోగం సంపాదించింది. యంత్రాలతో ఆమెకు ఇట్టే చనువు కుదిరింది. గంట మోగితే ఏ గొట్టం మడత పడిందో తిరిగి చూడకుండానే చెప్పేది.

కొత్తగా వచ్చిన సూపరింటెండెంటుకు తెలుగంటే ప్రాణం. వచ్చీరాగానే బోర్డులన్నీ మార్పించాడు. ఆమె గది గుమ్మం మీద నీలం అక్షరాలతో ‘రక్త వడపోత విభాగం’ అని వెలిసింది. చక్కటి మాట అని అందరూ మెచ్చుకున్నారు. ఆమెకూ నచ్చింది.

కొద్దిరోజులకు ఒక పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకప్పుడు ఇంజిన్ల ఫిట్టరు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడంలేదు. ఇక ఆలస్యం చేస్తే ప్రమాదమని డాక్టరు తేల్చి చెప్పాడు. అంతవరకూ బుద్ధిగా నడిచివచ్చిన మనిషి బోర్డు చదివి గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక్కి మళ్లి వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. లోపలికి రానన్నాడు. కూతురు బతిమాలింది, కోప్పడింది, చివరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన బెంచీ మీంచి లేవలేదు.

టెక్నీషియను బయటికి వచ్చి, కూతుర్ని కాసిని మంచినీళ్లు తాగిరమ్మని పంపి, తను ఆయన పక్కన కూర్చుంది.

"సూదంటే భయమా బాబాయ్?"

"సూదికెవడు భయపడతాడమ్మా. ఆ బోర్డు మీద మాటే మంచిది కాదు."

మెల్లగా సంగతి బయటపడింది. ఆయన పనిచేసిన కర్మాగారం చేతులు మారినప్పుడు, కొత్త మేనేజరు అందర్నీ ఆవరణలో నిలబెట్టి, సిబ్బంది వడపోత మొదలవుతుందని చెప్పాడట. ఆ వడపోతలో తల నెరిసినవాళ్లంతా పోయారు. ఈయన పనిముట్ల పెట్టెను ఎవరో తెచ్చి గేటు బయట పెట్టారు. అప్పట్నుంచీ ఆ మాట చెవిన పడితే ఒళ్లు మండుతుందన్నాడు.

"వాళ్లకి కావలసినవాళ్లు గ్లాసులో పడ్డారు, మేం పిప్పి. ఆ మాటకి అర్థం అదేగా? ఇక్కడ కూడా ముసలి సరుకు ఎందుకని పక్కన పెట్టేస్తారు."

ఆయన అన్నది తప్పని ఆమె అనలేదు. దరఖాస్తుల వడపోత, అభ్యర్థుల వడపోత అని పత్రికల్లో తనూ చదివింది. ఆ మాటకు ఆ అర్థమూ ఉంది. వాదించకుండా లోపలికి వెళ్లి ఇంకా వాడని ఒక ఫిల్టరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పెద్ద టార్చిలైటంత ప్లాస్టిక్ గొట్టం. లోపల వెంట్రుకల్లాంటి తెల్లటి సన్న గొట్టాలు వేలకొద్దీ. ఫిట్టరు చేతులు ఊరుకోలేదు. దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, ఎటునుంచి ఎక్కుతుంది, ఎటు దిగుతుందని అడిగాడు.

"రక్తం ఈ సన్న గొట్టాల్లోంచి పోతుంది. ఒంట్లో చేరిన మురికి, అక్కర్లేని నీళ్లు వీటి గోడల్లోంచి బయటికి జారతాయి. వాటిని పారబోస్తాం."

"మరి మిగిలింది?"

"మిగిలిందే మీది బాబాయ్. మా అమ్మ టీ కొట్లో దిగింది ఉంచుకుని మిగిలింది పారేసేది. ఇక్కడంతా తిరగబడింది. దిగింది పారేస్తాం, మిగిలింది మళ్లీ మీ ఒంట్లోకే పంపిస్తాం. వడకట్టేది మీ రక్తాన్ని, మిమ్మల్ని కాదు."

ఆయన గొట్టాన్ని ఇంకోసారి అటూ ఇటూ తిప్పాడు.

"ఎక్కడైనా కారితే?"

"గంట మోగుతుంది."

"వినేదెవరు?"

"నేనే."

ఫిల్టరు ఆమె చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచాడు. కూతురు తిరిగి వచ్చేసరికి మంచం మీద పడుకుని, రక్తాన్ని తోసే పంపు తిరగడాన్ని తదేకంగా చూస్తున్నాడు. బేరింగు బాగుందని కూతురితో అన్నాడు. వారం పదిరోజుల్లో వాపు దిగి పాదాలు చెప్పుల్లో పట్టాయి. ఆమెను వడపోతక్క అని మొదట పిలిచిందీ ఆయనే.

ఆమె సూపరింటెండెంటు దగ్గరకు వెళ్లి జరిగిందంతా చెప్పింది. మాటలో తప్పులేదని, కానీ భయంతో వచ్చినవాళ్లకు ముందు చెడ్డ అర్థమే తడుతుందని అంది. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆ మాటకున్న అర్థాలన్నీ ఆమెతో కలిసి వరసపెట్టి చెప్పుకుని సంబరపడ్డాడు కూడా. తర్వాత పెయింటరును పిలిపించి, బోర్డు కింద ‘మీ రక్తం శుభ్రం చేసి తిరిగి మీకే ఎక్కిస్తాం’ అని రాయించాడు. మొదటిసారి వచ్చే రోగులను ముందుగా ఆమె దగ్గరకే పంపాలని చెప్పాడు.

కొన్నాళ్లకు నగరం అవతలి కొసన రెండో విభాగం తెరిచారు. దాని బాధ్యత ఆమెకిచ్చారు. ఫిట్టరు తన ఫైలు కూడా అక్కడికే మార్పించుకున్నాడు. దగ్గర్లో ఉన్నది కాదని ఇదేం పట్టింపు అని కూతురు సణిగింది. ఆయన వినలేదు. మొదటిరోజు చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎండలో రెండు బస్సులు మారి వచ్చి దాహమంటే నేను నీళ్లివ్వను బాబాయ్. తాగిన నీళ్లు మీ ఒంట్లోనే నిలిచిపోతాయి. ముందు బరువు చూసుకోండి, ఎన్ని చేరాయో తెలుస్తుంది" అంది ఆమె.

"అడిగితేగా" అంటూ ఆయన చెప్పులు విప్పి తూకం మీద నిలబడ్డాడు.