మెలకువ వచ్చేదాకా కూర్చున్న సారు

మొన్న ఆదివారం పొద్దున ఇంట్లో పెసరట్టు పిండి రుబ్బుతుంటే ఫోన్ మోగింది. భద్రాచలం వైపు నేను మొదట పనిచేసిన సర్కారు దవాఖానలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్ చేసింది. "మేడం, మన మత్తు సార్ పోయిండు" అని చెప్పింది. ఊపిరితిత్తుల జబ్బుతో కొన్ని నెలలుగా ఆయన ఖమ్మంలో ఇంటిపట్టునే ఉంటున్నారు. ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన వార్తేనని తెలుసు. అయినా చేతికంటిన పిండి ఎండిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు ఆయన. కాలేజీలో అనస్థీషియా అంటాం. అక్కడి జనానికి మాత్రం ఆయన మత్తు డాక్టరే. కత్తి పట్టిన సర్జన్ పేరు ఊళ్లకు ఊళ్లు చెప్పుకునేవి. ఈయన పేరు అడిగినవాళ్లను నేను చూడలేదు. మేమూ మత్తు సార్ అనే పిలిచేవాళ్లం. ఇప్పుడూ అలాగే పిలుస్తాను.

ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ అయ్యాక నేను కాంట్రాక్టు మీద ఆ దవాఖానలో డ్యూటీ డాక్టరుగా చేరాను. డిగ్రీ చేతికొచ్చింది గానీ ఏ దారిన పోవాలో తెలియని కాలం. నాతో చదివిన ఒకతను బ్రిటన్ పరీక్షలకు తయారవుతున్నాడు. ఒకమ్మాయి సివిల్స్ అంది. మిగిలినవాళ్లమంతా పీజీ సీటు కోసం లావుపాటి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. పెనుబల్లి దగ్గర మాకు పామాయిల్ తోట ఉంది. నేను గైనకాలజీ చదివి సత్తుపల్లిలో బోర్డు పెట్టాలన్నది నాన్న కోరిక. ఆ బోర్డుకు ఏ రంగు వేయించాలో కూడా ఆయన అనుకుని పెట్టుకున్నాడు.

సారు పని నేను మొదటిసారి దగ్గరగా చూసింది చర్ల అవతలి గూడెం నుంచి వచ్చిన ఒక కోయ అమ్మకు ఆపరేషన్ జరిగిన రోజు. కడుపులో గడ్డ. బల్ల మీద పడుకోగానే ఆమెకు వణుకు పట్టుకుంది. సారు ఆమె తల దగ్గర స్టూలు వేసుకుని, వచ్చిన నాలుగు కోయ మాటలూ తెలుగూ కలిపి, "ఈసారి ఇప్పపువ్వు మంచిగ రాలిందా?" అని అడిగారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఏ చెట్టు కింద ఎంత రాలింది, ఏరడానికి వెళితే ముందే ఎలుగు వచ్చి ఎలా కూర్చుంది... మాట పూర్తికాకుండానే మత్తులోకి జారిపోయింది. ఆపరేషన్ అయ్యి ఆమె కళ్లు తెరిచేసరికి సారు ఆ స్టూలు మీదే ఉన్నారు. "ఎలుగు వచ్చిందన్నవ్. తర్వాతేమైంది?" అన్నారు. ఆమె మగతలోనే నవ్వింది.

ఎవరికైనా అంతే. మాట ఎక్కడ తెగిందో గుర్తుపెట్టుకుని అక్కడి నుంచే అందుకునేవారు. ఎంత ఓపిక సార్ మీకని నేనంటే, "ఓపిక గాదమ్మా, పని. చెప్పింది యాదికొచ్చిందంటే మనిషి మంచిగ లేచినట్టు" అన్నారు.

ఆ ఏడాది నా ర్యాంకుకు గైనిక్ రాదని తేలిపోయింది. అనస్థీషియా తీసుకోవాలి, లేదంటే ఇంకో ఏడాది చదివి మళ్లీ రాయాలి. క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ సారును అడిగాను.

"బోర్డు ఉండదు" అన్నారాయన. "పండ్లు పట్టుకొని ఎవరూ ఇంటికి రారు. అంతా మంచిగ జరిగితే నువ్వొకదానివి ఉన్నవని కూడ తెల్వదు. ఇవన్ని ఒప్పుకుంటేనే రా. వచ్చినంక బాధపడొద్దు."

"మరి మీరెందుకు వచ్చారు సార్?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "నేను అడవి లోపల చిన్న దవాఖానల ఎంబీబీఎస్ డాక్టరుగ ఉంటి. ఒకామెకు కాన్పు కష్టమైంది. జీపుల పెద్ద దవాఖానకు తీస్కపోయిన. సర్జన్ చేతులు కడుక్కొని నిలబడ్డడు. మత్తు ఇచ్చేటోడు లేడు. ఖమ్మం పొమ్మన్నరు. నేను పక్కనే కూసున్న. జూలూరుపాడు దాటినంక పోయింది." గ్లాసు మళ్లీ అందుకున్నారు. "నాకు జనరల్ మెడిసిన్ వచ్చేటట్టుండె. ఇది తీసుకున్న. కానీ నా సంగతి విని నువ్వు రాకు. గా స్టూలు మీద కూసునుడు నీకు ఇష్టమైతదా లేదా, అది చూసుకో."

విషయం తెలిసి నాన్న బస్సెక్కి వచ్చాడు. సారును వరండాలోనే పట్టుకున్నాడు. "ఏం అనుకోకండి సార్. మత్తు డాక్టరంటే సూదేసి కూర్చోవడమే గదా. దానికి మా అమ్మాయి ఇన్నేళ్లు చదవాలా?"

సారుకు కోపం రాలేదు. "అవ్, కూసునుడే. కానీ మనిషి లేచేదాక లేవొద్దు. గంతే."

తిరుగు బస్సెక్కేటప్పుడు నాన్న నాతో, "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటలో ఇష్టం లేదని నాకు తెలుసు. అయినా కౌన్సెలింగ్‌లో నేను ఆ సీటే తీసుకున్నాను.

నా పీజీ పూర్తయ్యేలోపు నాన్నకు హెర్నియా ఆపరేషన్ చేయాల్సివచ్చింది. అప్పటికి సారు రిటైరై ఖమ్మంలో ఉంటున్నారు, పిలిస్తే నర్సింగ్ హోములకు వెళ్లేవారు. నేను అడగ్గానే వచ్చారు. నడుముకు ఇచ్చే మత్తు కాబట్టి నాన్న మేలుకునే ఉన్నాడు. సారు పామాయిల్ గెలల గురించి అడిగారు. ఇక నాన్న ఆగలేదు. కుట్లు పడ్డాయని సర్జన్ చెబితే, "అప్పుడేనా? సారుకి తోటలో వేసిన డ్రిప్పు సంగతి ఇంకా చెప్పనేలేదు" అన్నాడు. బోర్డు మాట ఆ తర్వాత మా ఇంట్లో వినపడలేదు.

ఇప్పుడు నేను కొత్తగూడెం వైపు సర్కారు దవాఖానలో అదే పని చేస్తున్నాను. జనం నన్ను మత్తు మేడం అంటారు. ఇదేనా సరైన దారి అని హౌస్ సర్జన్లు అడుగుతుంటారు. సారులాగా ఉన్నదున్నట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆయనంత తక్కువ మాటల్లో మాత్రం చెప్పలేకపోతున్నాను.

పోయిన నెల ఆయన్ను చూడటానికి వెళ్లాను. ఆక్సిజన్ మిషను చిన్నగా మోగుతోంది. సారు కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతున్నారు. పక్కనే అమ్మ, అంటే సారు భార్య, ఒక చెయ్యి ఆయన ఒడిలో పెట్టి కూర్చుంది. ఆమె ముందు పళ్లెంలో గోరుచిక్కుడు సగం తుంచి ఉంది. నిద్రలోనూ ఆయన రెండు వేళ్లు ఆమె మణికట్టు మీద, నాడి దగ్గరే ఉన్నాయి.

లేపబోతే ఆమె తల అడ్డంగా ఊపింది. "రోజూ గిట్లనే పట్టుకొని పంటడు. చెయ్యి తీస్తే లేస్తడమ్మా" అంది నెమ్మదిగా. రెండో చేత్తో ఒక్కో కాయా తీసి, పళ్లెం అంచుకు ఆనించి, చప్పుడు కాకుండా తుంచుతూ ఉంది.